నడిమింట సూర్యుడు, నట్టింట చీకటి

ఇంటి కప్పులమీద పుట్టుచున్న కరెంటును గ్రిడ్డు మోయగలదా? మోయవలెనన్న మనమేమి సమకూర్చవలెను?

2025 ఏప్రిల్ 28వ తేది, సోమవారము. మధ్యాహ్నము 12 గంటల 33 నిమిషములు. స్పెయిను రాజధాని మాడ్రిడ్‌లో భూగర్భ రైళ్లు సొరంగములలో ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. లిఫ్టులు అంతస్తుల నడుమ వ్రేలాడినవి. కూడళ్లలోని సంకేతదీపములు ఆరిపోగా పోలీసులు చేతులు చాచి బండ్లను నడిపింపవలసివచ్చినది. అంతర్జాతీయ టెన్నిసు పోటీ జరుగుచున్న మైదానములో ఆట ఆగినది. దుకాణములలో కార్డుల యంత్రములు మూగవోగా, జేబులో నాలుగు నాణెములున్నవాడే ఆనాటికి ధనవంతుడయ్యెను. సెల్‌ఫోన్లును ఒక్కొక్కటిగా పలుకుట మానివేయగా, ఎన్నడో అటకెక్కించిన బ్యాటరీ రేడియోలను దింపి వీథిలో పెట్టుకొని, ఒకరి పేరొకరెరుగని జనులు వాటిచుట్టు మూగి వార్తలు వినిరి. స్పెయిను, పోర్చుగల్ దేశములు రెండును ఏకకాలమున విద్యుద్విహీనములైనవి. పూర్తిగ తేరుకొనునప్పటికి మరునాడు తెల్లవారినది.

ఆ గడియలో సూర్యుడు నడినెత్తిన ప్రకాశించుచుండెను. దేశమునందలి సౌరఫలకములన్నియు నిండుగా పనిచేయుచుండెను. కరెంటు కొరత అన్నమాటయే లేని వేళ అది.

నిందితుడు సూర్యుడేనా?

దీపములు తిరిగి వెలుగకమునుపే వాదములు రగుల్కొన్నవి. ఆ క్షణమున స్పెయినులో ఉత్పత్తియగుచున్న విద్యుత్తులో సగమునకు పైగా ఎండనుండి వచ్చుచుండుటచే, సౌరశక్తిని నమ్ముకొన్నందుకు తగిన శాస్తి జరిగెనని కొందరు నిశ్చయించిరి. ఎండపై నింద మోపుట బొగ్గు, అణు వ్యాపారుల పన్నుగడయని మరికొందరు మండిపడిరి. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము జూన్ నెలలో ప్రకటించిన నివేదిక ఏ పక్షమునకును పూర్తిగా రుచింపలేదు. వ్యవస్థలో వోల్టేజి అదుపుతప్పి పైకెగసినదనియు, దాని నణచుటకు ప్రతిఫలము పొందుచున్న పెద్ద కేంద్రములు కావలసినంత అణచలేదనియు, అట్టి కేంద్రములనైనను ఆనాడు గ్రిడ్డు నిర్వాహకులు తగినన్ని సిద్ధముగ నుంచలేదనియు అందు తేలినది. వోల్టేజి హెచ్చగా ఒక కేంద్రము తన్ను తాను కాపాడుకొనుటకై గ్రిడ్డునుండి విడివడినది. అది విడివడుటతో వోల్టేజి మరింత హెచ్చినది. ఆ హెచ్చునకు తాళలేక మరియొకటి విడివడినది. చివరి ఐదు సెకన్లలో సుమారు 15,000 మెగావాట్లు, అనగా దేశపు వాడకములో 60 శాతము, మాయమైపోయినది.

నివేదిక చదివినవారికి తోచు విశేషమింకొకటి కలదు. ఆనాడు అమలునందున్న నిబంధనల ప్రకారము స్పెయినులోని సౌరకేంద్రములు వోల్టేజిని సవరింపవలసిన పనియే లేకుండెను. వాటి కరెంటును గ్రిడ్డునకు తగినట్లు మార్చు ఇన్వర్టర్లకు ఆ సామర్థ్యము లేకపోలేదు. ఆ పనిని వాటికప్పగించు నియమము ఏండ్ల తరబడి కాగితములమీద నలుగుచుండి, ఇంత ఉపద్రవము జరిగిన తరువాత, అదే జూన్ నెలలో ఆమోదము పొందినది. చేయగలవాడిని పని అడుగకుండుట, చేయవలసినవాడు చేయుచున్నాడో లేదో చూడకుండుట: ఈ రెండు అలసత్వములు కలిసి రెండు దేశములను చీకటిలో ముంచినవని నా అభిప్రాయము.

కొసరుగా వచ్చిన నిలకడ

గ్రిడ్డు ఆరోగ్యమును కనిపెట్టి చూచు ఇంజనీర్లు రేయింబవళ్లు గమనించు కొలతలు ముఖ్యముగా రెండు. ఒకటి వోల్టేజి, ఇది ఊరికొక తీరుగ, లైనుకొక తీరుగ మారును. రెండవది పౌనఃపున్యము, ఫ్రీక్వెన్సీ యని వాడుకలో అందురు. ఇది తీగలతో కలిసియున్న దేశమంతటికిని ఒక్కటే. మన దేశములో అది సెకనుకు 50 ఆవృత్తులు. వాడకము ఉత్పత్తిని మించినచో అది తగ్గును. ఉత్పత్తి మించినచో పెరుగును. 49.90కి దిగువను, 50.05కు ఎగువను పోరాదని నేటి నియమావళి శాసించుచున్నది. విద్యుత్తును ధాన్యమువలె గాదెలో పోసియుంచుట సులభము కాదు గనుక, ఈ తూకము నెలకో దినమునకో కాక, క్షణక్షణమును సరిపోవలెను.

ఇన్ని దశాబ్దములు ఈ తూకము పెద్ద ప్రయాస లేకయే నిలిచినదన్నచో, దానికి కారణము బొగ్గు కేంద్రములలోను జలవిద్యుత్కేంద్రములలోను గిరగిర తిరుగు టన్నులకొలది బరువుగల చక్రములు. కుమ్మరి కర్ర తీసివేసిన తరువాతను సారె కొంతసేపు తిరుగుచునే యుండునట్లు, ఎక్కడనో ఒక కేంద్రము హఠాత్తుగా ఆగిపోయినను, మిగిలిన యంత్రముల రోటర్లు తమ జడత్వముచేత కొన్ని సెకన్లపాటు ఆ లోటును భరించును. ఆ కొన్ని సెకన్లలో నియంత్రకములు మేలుకొని ఆవిరిని, నీటిని హెచ్చించును. బొగ్గు కేంద్రమునకు మనము యూనిటు లెక్కన సొమ్ము చెల్లించితిమి గాని, దాని జడత్వమునకు ఒక పైసా ఇచ్చి యెరుగము. అంగడిలో కొసరు వచ్చినట్లు అది కరెంటుతోపాటు ఉచితముగా వచ్చినది.

సౌరఫలకములో తిరుగు చక్రము లేదు. అది ఇచ్చునది ఏకముఖ విద్యుత్తు. దానిని ఇన్వర్టరు ఏకాంతర విద్యుత్తుగా మార్చి, గ్రిడ్డులో అప్పటికి నడచుచున్న లయను వెదకి పట్టుకొని, ఆ లయకు అనుగుణముగ లోనికి పంపును. లయ నిలిపెడివారు వేరొకరుండవలెను. వెంట వచ్చువారే హెచ్చి, నడిపించువారు తగ్గిన గ్రిడ్డు చిన్న కుదుపునకే చలించును. తామే లయను నిర్ణయింపగల ఇన్వర్టర్లు నేడు బ్యాటరీ కేంద్రములలో వాడుకలోనికి వచ్చుచున్నవి గాని, అవి ఊరక రావు. ఇంతకాలము కొసరుగా పొందినదానిని ఇకమీదట వెలయిచ్చి కొనవలసియున్నది.

దక్షిణాది వేరుగ నున్న దినములు

పంకా తిరుగుచున్నదో ఊగుచున్నదో తెలియని వేసవి రాత్రులు నడివయస్కులైన తెలుగువారికి జ్ఞాపకముండును. 1990లలో దక్షిణ గ్రిడ్డు పౌనఃపున్యము 48 చెంతకు దిగజారుట వింతకాదు. 2003 జనవరిలో దక్షిణాదిన అమలునకు వచ్చిన క్రొత్త ధరల విధానము, పౌనఃపున్యము పడిపోయినవేళ అదనముగా లాగుకొన్న రాష్ట్రముచేత ఎక్కువ వెల కట్టించి, ఉపదేశములు సాధింపలేని క్రమశిక్షణను డబ్బు సంచిచేత సాధించినది.

2012 జులై 30, 31 తేదీలలో వరుసగా రెండు దినములు ఉత్తరాది గ్రిడ్డు కుప్పగూలి, రెండవనాడు తూర్పు, ఈశాన్య ప్రాంతములనుకూడ తనతో లాగుకొనిపోయినప్పుడు, సుమారు 60 కోట్ల మంది చీకటిలో మిగిలిరి. తెలుగు నేలమీద దీపములు వెలుగుచునే యుండెను. ఏలన మన దక్షిణ గ్రిడ్డు అప్పటికి తక్కినవానితో ఏకలయలో కలియలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల లైను చేతనమై, దేశమంతయు ఒక్క గ్రిడ్డయ్యెను. నాటినుండి రాజస్థానపు ఎడారిలో సౌరకేంద్రములు ఒక్కసారిగా విడివడినచో (అట్లు వేయి మెగావాట్లకు మించి విడివడిన సందర్భములు కలవు) దాని స్పందన విజయవాడలోను హైదరాబాదులోను విద్యుత్ సౌధముల తెరలమీద ఆ సెకనులోనే కనబడును. కలిసియుండుటలో బలమెంతయో, భయమును అంతయే.

▪ తొమ్మిది నిమిషముల పరీక్ష

2020 ఏప్రిల్ 5వ తేది రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషములపాటు ఇంటి దీపములార్పి ప్రమిదలు వెలిగింపుడని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు, వాడకము 12,000 నుండి 14,000 మెగావాట్ల వరకు తగ్గునని ఇంజనీర్లు అంచనా కట్టిరి. పంకాలు, ఫ్రిజ్‌లు ఆర్పవద్దని ప్రకటనలిచ్చిరి, వీథిదీపములను వెలుగనిచ్చిరి. తగ్గినది 31,089 మెగావాట్లు! గ్రిడ్డు చెదరలేదు. జలవిద్యుత్కేంద్రములు పాతిక నిమిషములలో దాదాపు 17,500 మెగావాట్లు తగ్గించి, దీపములు వెలుగగానే వెంటనే తిరిగి పెంచినవి. పౌనఃపున్యము 49.70 నుండి 50.26 వరకు ఊగి కుదుటపడినది. ఆ రాత్రి దేశమునకు ప్రమిదలు కనబడినవి. టర్బైన్ల దగ్గర నిలిచినవారు కనబడలేదు.

కప్పుమీద విద్యుత్కేంద్రము

ఇప్పుడు మన వీథులలోనికి వత్తము. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము 75,021 కోట్ల రూపాయల వ్యయముతో కోటి యిండ్ల కప్పులమీద సౌరఫలకములు పరుపదలచినది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ. వెనుక విద్యుత్కేంద్రములు వందలలో నుండెను. వాటి అధిపతులతో ఫోనులో మాట్లాడి, పెంచుమనియో తగ్గింపుమనియో ఆజ్ఞాపింపవచ్చును. కోటి కప్పులతో ఫోనులో మాట్లాడుటెట్లు? పైగా కప్పుమీది ఉత్పత్తిలో ఇంటివారు వాడుకొనునది ఇంటిలోనే వాడబడిపోవుటచే, ఉత్పత్తిని, వాడకమును సరితూచు లోడ్ డిస్పాచ్ కేంద్రపు తెరమీద అది ఉత్పత్తిగా కనబడక, ఊరివారెవ్వరును కరెంటు వాడనట్లు మాత్రమే కనబడును. మబ్బు కమ్మినవేళ ఆ యిండ్లన్నియు ఒక్కుమ్మడిగా గ్రిడ్డువైపు చేయిచాచును.

ఫలకములు పెట్టించుకొన్న గృహస్థుడు మొదటి నెలలో అడుగు ప్రశ్న యొకటి కలదు. "పైన ఎండ మండిపోతోంది, పలకలు నా సొంతం, అయినా వీధిలో కరెంటు పోతే నా ఇంట్లోనూ పోతుందేమిటండీ?" ఈ ప్రశ్నకు సమాధానము స్తంభము మీద నున్నది. ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపితిమన్న అనుమతి) తీసుకొని, లైనును విడదీయు ఏబీ స్విచ్ దించి, తీగలో ప్రాణము లేదని నమ్మి లైన్‌మన్ పైకెక్కును. ఆ తీగలోనికి ఎవరి కప్పునుండియైనను కరెంటు వెనుకకు పారినచో ఆయన ప్రాణము పోవును. అందుచేతనే వీథి లైను చచ్చిన రెండు సెకన్లలో ఇన్వర్టరు తానును ఆగిపోవలెనని 2013నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు విధించినవి. బ్యాటరీయు, గ్రిడ్డునుండి ఇంటిని విడదీయు స్విచ్చియు ఉన్నచో ఆ చీకటి తప్పును. అవి లేనిచో, నట్టింటి చీకటి ఒకరి ప్రాణమునకు చెల్లించు మూల్యమని ఓర్చుకొనవలసినదే.

రెండవ ఫిర్యాదు మధ్యాహ్నపుది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద పదిమంది ఫలకములు బిగించుకొన్నచో, పురుషులు కచేరీలకును పిల్లలు బడులకును పోయిన ఆ వేళ వాడువారు లేక, అందరి కరెంటును తీగలోనికి ఎదురెక్కి వోల్టేజి పెరుగును. హద్దు దాటగనే ఇన్వర్టర్లు తమంతట తాము ఆగిపోవును. ట్రాన్స్‌ఫార్మరునుండి దూరముగ, లైను చివరనున్న యింటివారిది మొదట ఆగును. ఎండ కాయుచుండగ మీటరు కదలదు. స్పెయినులో నాలుగు వందల కిలోవోల్టుల లైన్లలో జరిగినది, కొలతలో చిన్నదైనను జాతిలో ఇదియే. పంపిణీ లైన్లను మన పెద్దలు నీరు పల్లమునకు పారునట్లు కరెంటు సబ్‌స్టేషనునుండి ఇంటికి మాత్రమే పారుననుకొని వేసిరి. ఎదురు ప్రవాహము వారి కలలో లేదు.

▪ 50.2 గండము

తొలినాళ్లలో జర్మనీలోని ఇంటికప్పు ఇన్వర్టర్లన్నిటికిని ఒకే ఆజ్ఞ: పౌనఃపున్యము 50.2 తాకినచో ఆగిపొమ్ము. పదియిండ్లున్ననాడు ఇది వివేకము. లక్షల యిండ్లైనప్పుడు, 50.2 తాకిన మరుక్షణమున వేల మెగావాట్లు ఒక్కసారిగా పోవునని, ఐరోపా గ్రిడ్డంతటికిని అత్యవసరముగ నుంచిన 3,000 మెగావాట్లు అందుకు చాలవని తెలిసివచ్చినది. 2012లో చట్టము చేసి, మూడు లక్షలకు పైబడిన సౌరవ్యవస్థలను ఇల్లిల్లు తిరిగి సరిదిద్దవలసివచ్చినది.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రము మరొక త్రోవ తొక్కినది. 2016 సెప్టెంబరు 28న తుపాను గాలులకు టవర్లు కూలి రాష్ట్రమంతయు చీకటియైన పిదప, వారు 2017 డిసెంబరులో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల బ్యాటరీని నెలకొల్పిరి. తిరిగెడి బరువుకొరకు కరెంటు పుట్టింపని చక్రములను, సింక్రనస్ కండెన్సర్లను, నాలుగింటిని తెచ్చి నిలిపిరి. ఆ చీకటి కమ్మిన సరిగా నాలుగేండ్లకు, అదే తేదీనుండి, క్రొత్తగా బిగించు కప్పుఫలకములను అవసరమైనచో దూరమునుండి ఆపగల ఏర్పాటుండవలెనని నియమము పెట్టిరి. 2021 మార్చిలో ఒక ఆదివారమునాడు దానిని తొలిసారి ప్రయోగించిరి. నా ఫలకములను సర్కారు ఆపుటేమని గృహస్థునకు కోపము వచ్చుట సహజము. అయినను రాష్ట్రమంతయు ఆరిపోవుటకంటె కొన్ని యిండ్ల ఫలకములు గడియసేపు ఆగుట మేలనుట నిర్వివాదము. ఆగినంతసేపటికి పరిహారమెంతయన్నదే వివాదము కాదగినది.

బావి గట్టున గ్రిడ్డు

వికేంద్రీకృత విద్యుత్తు అనగనే మనవారు కప్పులను తలంతురు గాని, తెలుగు రాష్ట్రములలో గ్రిడ్డు భవిష్యత్తు బోరుబావుల దగ్గర నున్నదని నా నమ్మకము. ఉభయ రాష్ట్రములలో కలిపి నలుబది లక్షలకు తక్కువ కాని వ్యవసాయపు మోటార్లున్నవి.

వెనుకటి రోజులలో పట్నములు, కర్మాగారములు వాడగా మిగిలిన కరెంటును రైతునకిచ్చెడివారు; కావున త్రీఫేజు అర్ధరాత్రి వచ్చును. టార్చిలైటు పట్టుకొని, గట్టు వెంబడి నడచి, తడికాళ్లతో స్టార్టరు డబ్బా ముట్టుకొనుటకు పోయి పాముకాటుననో, విద్యుద్ఘాతముననో తిరిగిరానివారి కథలు లేని పల్లె అరుదు. కరెంటు ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో తెలియని ఆ కాలమున రైతు కనిపెట్టుకొన్న ఉపాయము ఆటో స్టార్టరు: కరెంటు వచ్చిన క్షణమున మోటారు తనంతట తాను తిరుగును. ఒక్క రైతు తెలివి అది. లక్షమంది తెలివి కలిసినప్పుడు గ్రిడ్డునకు దెబ్బ. ఐదు హార్సుపవరు మోటార్లు లక్ష ఒకేసారి తిరిగినచో 370 మెగావాట్లు. తిరుగ మొదలిడునప్పుడు మోటారు లాగుకొను కరెంటు దాని మామూలు వాడకమునకు అయిదారు రెట్లు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభించునప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివేయుడని ప్రభుత్వము రైతులను బ్రతిమాలుకొన్నది అందుచేతనే. భూగర్భజలము తరిగిపోవునన్నది మరొక కారణము.

కెపాసిటరు కథయు ఇట్టిదే. మోటారునకు పనిచేయు కరెంటుతోపాటు, పనిచేయక తీగలలో వచ్చుచు పోవుచునుండు మరొక విధమైన కరెంటును కావలెను. దానిని దూరపు సబ్‌స్టేషనునుండి లాగుట చేతనే లైను చివర వోల్టేజి పడిపోయి మోటార్లు కాలును. మోటారు ప్రక్కన బిగించిన చిన్న కెపాసిటరు ఆ కరెంటును అక్కడికక్కడనే సమకూర్చును. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట, దానిని పొందగోరు రైతు కెపాసిటరు బిగించుకొనవలెనని షరతు పెట్టిరి. కాగితముమీద బిగించినన్ని కెపాసిటర్లు పొలములో కనబడవనుట కరెంటాఫీసు వారికిని రైతులకును తెలిసిన రహస్యమే. ఉచితముగ వచ్చు కరెంటునకు కొన్ని వందలు వెచ్చించి కెపాసిటరేల? కాలిన మోటారునకు వైండింగు చేయించునప్పుడు మాత్రము ఆ వందలు వేలగును.

నేడు మధ్యాహ్నపు కరెంటు మిగులుచున్నది. ఒకనాడు ఎవ్వరును కోరని అర్ధరాత్రి కరెంటును రైతుమీదకు నెట్టిన వ్యవస్థకు, నేడు పట్టపగటి వాడకము కావలసివచ్చినది. ఆంధ్రప్రదేశములో తొమ్మిది గంటల పగటి విద్యుత్తు రైతునకు ప్రాణరక్షణయే కాదు, సూర్యుడు పోసెడి కరెంటును పీల్చుకొను స్థలము కూడ. ఫీడర్లను వంతులవారీగా, పది పదిహేను నిమిషముల యెడముతో కలిపినచో, ఈ మోటార్లు మబ్బు పట్టినప్పుడు కొంతసేపు ఆగి, ఎండ కాసినప్పుడు హెచ్చుగ నడచి, గ్రిడ్డును నిలుపగలవు. పైరునకు నీరు పది గంటలకు పారినను పండ్రెండు గంటలకు పారినను ఒక్కటే. ఇంతటి అనుకూలమైన వాడకము దేశములో వేరొకటి లేదు. దానిని సమర్థముగ వాడుకొనకుండుట మన స్వయంకృతము.

కొండమీది నీరు

2020 ఏప్రిల్ నాటి ఆ తొమ్మిది నిమిషముల పరీక్షను సూర్యుడు ఇప్పుడు ప్రతి సాయంకాలమును పెట్టుచున్నాడు. మధ్యాహ్నము 50,000 మెగావాట్లకు పైబడి ఇచ్చుచున్న సౌరవిద్యుత్తు, సరిగా ఇంటింట దీపములు, పంకాలు, టీవీలు వెలుగువేళకు సున్నకు దిగును. ఆ లోయను పూడ్చుటకు నీటికి మించిన సాధనము మన పెద్దలకు తోచలేదు. నాగార్జునసాగరములోని ఏడు యంత్రములును, శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రములోని 150 మెగావాట్లవి ఆరు యంత్రములును రెండు దిక్కులను తిరుగగలవు: మిగులు కరెంటుతో నీటిని వెనుకకు తోడి, అవసరమైనప్పుడు దించి కరెంటు పుట్టించును. నూరు యూనిట్లు పెట్టి తోడినచో తిరిగివచ్చునవి డెబ్బదియైదు, ఎనుబది. కాని కృష్ణ నీటిమీద రెండు రాష్ట్రముల తగవున్నంతకాలము, గ్రిడ్డు ఇంజనీరునకు బ్యాటరీగా కనబడు నీరు రైతునకు సాగునీరుగను, ప్రభుత్వములకు వ్యాజ్యముగను కనబడుచుండును.

ఈ చిక్కు లేని త్రోవ నంద్యాల జిల్లాలో కనబడుచున్నది. గని, శకునాల గ్రామముల దగ్గర దాదాపు 5,900 ఎకరములలో 2017లో నెలకొన్న 1000 మెగావాట్ల సౌరోద్యానమునకు పొరుగుననే, పిన్నాపురము కొండలలో, నదీప్రవాహముతో పనిలేకుండ రెండు జలాశయముల నడుమ ఒకే నీటిని ఎక్కించుచు దించుచు నుండు 1680 మెగావాట్ల కేంద్రము వెలసినది. క్రొత్త సౌరకేంద్రముల సామర్థ్యములో కనీసము పదవవంతునకు, రెండు గంటల నిల్వ వాటి చెంతనే ఉండవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సూచించినది. పదవవంతు చాలదు, అయినను ఆరంభము.

ఎవరు చెల్లింపవలెను?

సౌరవిద్యుత్తు యూనిటు రెండున్నర రూపాయలకే వచ్చుచున్నదని మురియుచు, నిల్వకును, వోల్టేజి సవరణకును, జడత్వమునకును అయ్యెడి వ్యయమును వేరొక పద్దులో దాచుట ఇంతవరకు మన అలవాటు. నియంత్రణ మండలులు ఆ సేవలకు బహిరంగముగ ధర నిర్ణయించి, చేసినవారికి చెల్లించి, చేయనివారిని దండింపవలెను. కప్పుమీద ఫలకములు పెట్టుకొనలేని అద్దె ఇంటివాని బిల్లులో ఈ భారమంతయు పడవేయుట మాత్రము అన్యాయము. పంపిణీ సంస్థలు ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని కిలోవాట్ల సౌరవిద్యుత్తును భరింపగలదో, ఇప్పటికెంత భరించుచున్నదో, ఆ స్తంభము మీదనే వ్రాసి ప్రకటించుట అసాధ్యమేమియు కాదు.

పాఠకులకొక విన్నపము. మీ కప్పుమీద ఫలకములు బిగించుటకు వచ్చినవానిని, రాయితీ ఎంతయని అడిగిన పిమ్మట, మీ ట్రాన్స్‌ఫార్మరుమీద ఇప్పటికే ఎన్ని కిలోవాట్లున్నవనికూడ అడుగుడు. తెలియదన్నచో సెక్షను ఆఫీసుకు పోయి అసిస్టెంటు ఇంజనీరు (ఏఈ) గారిని అడుగుడు. అక్కడను తెలియదన్నచో, ఆ సంగతి వ్రాతమూలకముగ ఇమ్మని కోరుడు.